అన్నం వాయిదా

సోమవారం. గాలి నెమ్మది, దుమ్ము మామూలు.

ఆరో మజిలీ నుంచి మాణిక్యం రాస్తున్నది. బండి బాగుంది. గని నుంచి తెచ్చిన మంచు దిమ్మలు దింపాం. ఒకటి దారిలోనే పగిలితే నీళ్ళ తొట్టిలో వేసుకున్నాం. లాగ్‌బుక్కులో వాతావరణం, బండి, సరుకు, ఈ మూడే రాయాలనీ, సొంత గోడు రాయొద్దనీ ఊళ్ళో కంట్రోలు రూము వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. అంత విసుగైతే చదవడం మానేయొచ్చుగా. ఈ మజిలీలో ఉండేది నేనూ మా ఆయనా, ఇద్దరమే. ఆయనతో చెప్పగలిగినవి ఆయనతో చెబుతాను, చెప్పలేనివి ఇక్కడ రాస్తాను.

ఈ పూట ఊరి గుమ్మటంలో డాక్టరమ్మ నా కళ్ళు చూసింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయట. ఆపరేషన్ సామాను భూమి నుంచి వచ్చే ఓడలో గానీ రాదు, ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. దుమ్ముకాలం మొదలయ్యేదాకా పగటిపూట నెమ్మదిగా నడుపుకోమంది. ఆ తర్వాత నా లైసెన్సు పక్కన పెట్టేస్తారు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. మజిలీలో కాపురం ఉండాలంటే ఇంట్లో ఒక్క లైసెన్సయినా ఉండాలని రూలు. గుమ్మటానికి చిల్లు పడితే లోపలి గాలి అయిపోకముందే బండెక్కి బయటపడాలి కదా, ఆ రూలులో తప్పేం లేదు. లైసెన్సు లేని ఇంటివాళ్ళు ఊళ్ళోకి వచ్చేస్తే వరస గదుల్లో ఒకటి ఇస్తారు. మా ఆయన లైసెన్సు పోయి పద్నాలుగేళ్ళయింది. జీవితకాలం రద్దు.

ఇంటికొచ్చి చెబితే ఆయన గోంగూర ట్రేల దగ్గర నుంచి తల కూడా ఎత్తలేదు. “మరేం పర్లేదే. ఊళ్ళో గదులు ఎచ్చగా ఉంటాయంట” అన్నాడు. అని, అప్పుడే తడిపిన ట్రేలకి మళ్ళీ నీళ్ళు పోశాడు. ఈ మజిలీ గోడ పలకల్లో ఆయన చెయ్యి పడనిది ఒక్కటి లేదు. ఇది వదిలి వెళ్ళాలంటే ఆయనకేమీ కాదని నేను నమ్మాలట.

మంగళవారం. పగలంతా ఎర్రటి వెలుగు.

బండి తుడవడం ఆయన పని. అద్దాలు, మెట్లు, సీట్లు అన్నీ తుడిచి, చివర్లో స్టీరింగు మీద గుడ్డ వేసి తుడుస్తాడు. ఎంత జాగ్రత్తగా తుడిచినా ఏదో ఒక వేలు తగులుతుంది. వెంటనే బండి ఆడగొంతుతో “ఈ చెయ్యి చెల్లదు” అంటుంది. ఊళ్ళో ఉన్న ప్రతి బండికీ ఆయన అరచెయ్యి తెలుసు. ఆయన చెయ్యి పడితే స్టీరింగు పట్టు వదిలేసి బొంగరంలా తిరుగుతుంది. “తెలుసులేవే తల్లీ” అంటాడు ఆయన రోజూ, బండితోనే. నాకు నవ్వొస్తుంది, నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకుంటాను.

తప్పు ఆయనదే. దాన్ని నేనెప్పుడూ కాదనలేదు. కుర్రతనంలో బంగాళాదుంప తొక్కల సారా కాచేవాళ్ళతో స్నేహం. మొదటిసారి తాగి దారిగుర్తు స్తంభాన్ని గుద్దాడు. రెండోసారి మంచు ట్యాంకు పగలగొట్టాడు. ఏడాది లైసెన్సు తీసేసి, బండికి ఊదుడు గొట్టం బిగించారు. ఊదినప్పుడు ఊపిరి శుభ్రంగా ఉంటేనే బండి కదులుతుంది. మూడోసారి ఈ మహానుభావుడు ఆ గొట్టానికి, గుమ్మటం బయట తిరిగేటప్పుడు వేసుకునే తన సూటు గాలిగొట్టం తగిలించాడు. బండి శుభ్రమైన గాలి పీల్చుకుని సంతోషంగా బయల్దేరింది. అందులో గవర్రాజు మాస్టారు ఉన్నారు, ఆయన భార్య సుభద్రమ్మగారు ఉన్నారు. ఎర్రరాళ్ళ మలుపులో బండి దొర్లింది. మాస్టారు పోయారు.

ఆ రోజు నుంచి మా ఆయన చుక్క ముట్టలేదు. పిండి పులిసిన వాసన తగిలినా బయటికి వెళ్ళిపోతాడు. మా ఇంట్లో అందుకే అట్లు లేవు.

శుక్రవారం. గాలి లేదు. ఒక లోడు.

ఎల్లుండి అన్నం వాయిదా.

మొదటి ఓడలో భూమి నుంచి ఈ ఎర్రనేలకి వచ్చిన తాతలు పెట్టిన పద్ధతి ఇది. ఒకరి వల్ల ఒకరికి తీరని నష్టం జరిగితే, నష్టపోయినవాళ్ళు ఏడాదికొకసారి తప్పు చేసినవాళ్ళ ఇంటికి వచ్చి అన్నం తినాలి. తిన్నాకే, తీర్పులు చెప్పే ఊరి బెంచి ముందు మాట చెప్పాలి. శిక్ష సడలించమంటే సడలిస్తారు, వద్దంటే మళ్ళీ ఏడాదికి వాయిదా. ఆకలి మీదా, చెప్పుడు మాటల మీదా ఎవరూ తీర్పు చెప్పకూడదని ఆ తాతల ఉద్దేశం.

మొదటి ఏడు సుభద్రమ్మగారు వచ్చి రెండు ముద్దలు తిని, కంచం వైపు తప్ప ఎటూ చూడకుండా లేచి వెళ్ళిపోయారు. మా ఆయన ఆ రాత్రి ఆ కంచం కడగలేకపోయాడు. రెండో ఏడు చారు బాగుందన్నారు. మూడో ఏడు వాయిదా అయిన వారానికే మళ్ళీ వచ్చారు, గోంగూర పచ్చడి అయిపోయిందని గిన్నె పట్టుకుని. ఇప్పుడు ప్రతి ఆదివారమూ వస్తారు. బండెక్కరు. ఆ రోజు తర్వాత ఆవిడ ఏ బండీ ఎక్కలేదు. ఊరి నుంచి మా మజిలీ దాకా ఉన్న, చిల్లు పడితే తలుపు మూసుకుపోయే ఇరుకు సొరంగంలో కర్ర పట్టుకుని నడిచి వస్తారు. ఆవిడ లెక్కలు చెప్పిన పిల్లలు ఊరంతా ఉన్నారు, అందరికీ ఆవిడ మేస్టారమ్మగారే, అందులో మా ఆయన ఒకడు, అందరికంటే మొద్దు. ఇద్దరూ పేకాడుకుంటారు, దొంగాట ఆడావంటే నువ్వాడావని పోట్లాడుకుంటారు. ఆయనకి జ్వరమొస్తే ఆవిడ పక్కనుంచి కదలరు.

ఏటేటా అన్నం వాయిదా నాడు చక్కగా కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, బెంచి దగ్గరికి వెళ్ళి “వద్దు” అని చెప్పి వస్తారు. మళ్ళీ ఆదివారం వచ్చి కూర్చుంటారు.

ఇది నాకెప్పుడూ మింగుడు పడలేదు.

ఆదివారం. దుమ్ముకాలం దగ్గర పడింది, ఆకాశం మసగ్గా ఉంది. లేదంటే నా కళ్ళే.

మా ఆయన తెల్లారకముందే లేచి వంట మొదలుపెట్టాడు. ముద్దపప్పు, దుంపల వేపుడు, గోంగూర, చారు. పెరుగు ఊరి నుంచి తెప్పించాను. మేస్టారమ్మగారు సొరంగం తలుపు దగ్గర ఆయాసపడుతూ నిలబడితే ఆయనే కుర్చీ పట్టుకెళ్ళాడు.

“మోకాళ్ళు పని చెయ్యడం లేదు అబ్బులూ” అన్నారావిడ మా ఆయనతో.

“మీరు కబురెడితే నేనే కేరేజీ కట్టుకుని వత్తును కదండీ.”

“అది అన్నం వాయిదా ఎలా అవుతుందిరా? కేరేజీ వాయిదా అవుతుంది.”

తింటున్నారు. నేను ఊరుకుందామనే అనుకున్నాను. పప్పు దాకా ఊరుకున్నాను. చారు దగ్గర నోరు ఆగలేదు.

“మేస్టారమ్మగారండీ, ఈసారి కూడా వద్దనే అంటారా?”

“మాణిక్యం” అన్నాడు మా ఆయన.

“నువ్వుండవయ్యా. నాకు కళ్ళు పోతన్నాయండి. నా లైసెన్సు ఈ నెలతో సరి. ఈయనకి ఇవ్వకపోతే మేవు ఈ ఇల్లు ఒదిలెయ్యాలి. పద్నాలుగేళ్ళండి. మనిషి చుక్క ముట్టలేదు, అది మీకూ తెలుసు. జీవితకాలం అని ఎలా రాసేత్తారండి? మనిషి ముందుముందు ఎలాగుంటాడో ఆళ్ళకప్పుడే ఎలా తెలిసింది?”

ఆవిడ కంచంలోకే చూస్తూ చారు కలుపుకున్నారు. “మాస్టారిది కూడా జీవితకాలం రద్దే కదమ్మా” అన్నారు. కోపంగా అనలేదు. ఊరికే లెక్క సరిచూసినట్టు అన్నారు.

ఆవిడ లెక్క సరైనదే. అయినా నేను ఆగే మనిషినా? “అయితే ఇదేం తిండండీ? పెట్టినోడి చేతి అన్నం తింటారు, ఆ చెయ్యే చెల్లదంటారు” అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. మా ఆయన లేచి వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ చారన్నం ముగించి అడిగారు, “నీ కళ్ళు ఎంతవరకు కనిపిస్తున్నాయి?”

“మీ మొహం కనిపిస్తంది. ఏడుత్తున్నారో లేదో తెలీటం లేదు.”

“ఏడవడం లేదులే.” పెరుగన్నం కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నారు. చెయ్యి కడుక్కుని నా తల మీద తడిచెయ్యి పెట్టారు. “ఈ ఇల్లు నీకంటే వాడికి ఎక్కువ. వాడికంటే నువ్వు నాకు ఎక్కువ. ఈ ఏడు సరే అంటాను, పో.”

వంటగదిలో గరిటె కింద పడింది.

సోమవారం. సరుకు లేదు. సరుకు గురించి ఆలోచించే ఓపికా లేదు.

బెంచి పెద్ద నూకరాజు గారికి ఆవిడ మాట అర్థం కాక రెండుసార్లు అడిగారట. ఇన్నేళ్ళు వద్దు విని విని ఆయన చెవులకి అలవాటైపోయింది. చివరికి నమ్మి, మా ఆయన అరచేతి గుర్తుని తాత్కాలికంగా బండిలోకి ఎక్కించారు. ఒక షరతు ఉంది, అదీ తాతల పద్ధతే. మొదటి ప్రయాణంలో నష్టపోయిన మనిషి పక్కసీట్లో కూర్చుని వెళ్ళి రావాలి. ఆ తర్వాత ఇద్దరూ బెంచి ముందుకొచ్చి చెబితే పక్కా అవుతుంది.

సంతోషంతో నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన మాత్రం గురక పెడుతున్నాడు. దొంగ గురక. నాకు తెలుసు.

గురువారం. ఉదయం గాలి లేదు, చక్కటి వెలుగు.

నాలుగో మజిలీ దాకా వెళ్ళి రావాలి. దారిలో ఎర్రరాళ్ళ మలుపు వస్తుంది, వేరే దారి లేదు. మేస్టారమ్మగారు పక్కసీట్లో, నేను వెనక. ఆవిడ బండెక్కడానికి చాలాసేపు పట్టింది. మోకాళ్ళ నెప్పి అన్నారు.

ఆయన ఊదుడు గొట్టంలో ఊదాడు. ఒకసారి చాలు, రెండుసార్లు ఊదాడు. స్టీరింగు మీద చెయ్యి వేశాడు. “ఈ చెయ్యి చెల్లుతుంది” అంది బండి. ఆయన రెండో చెయ్యి కూడా వేసి బండి కదిపాడు. మెడ వెనక మాత్రం ఎర్రబడింది.

ఎంత బాగా నడిపాడో నేను చెప్పలేను. ఇన్నేళ్ళు చెయ్యి పెట్టని మనిషి, ఒక్క రాయి కూడా తగలనివ్వలేదు. నేను గుంతలో పడి లేచే చోట ఆయన పక్కనుంచి జారిపోయాడు. నాకు గర్వంగా ఉంది. ఈ చేతుల్ని కదా చెల్లవన్నారు అనుకున్నాను. ముందుకు వంగి మేస్టారమ్మగారితో అందామనుకుంటే అప్పుడు వినిపించింది. ఆవిడ ఎక్కాలు చదువుతున్నారు.

సన్నగా, పెదాలు కదిపీ కదపకుండా. పదకొండో ఎక్కం, పన్నెండో ఎక్కం. రెండు చేతులతో ముందున్న ఇనప కమ్మీ పట్టుకున్నారు, వేళ్ళు తెల్లబడిపోయాయి. బండి కుదుపు లేదు గానీ ఆవిడ మోచేతులు ఊగుతూనే ఉన్నాయి. మా ఆయన ముందుకే చూస్తున్నాడు. ఆయన కూడా వింటున్నాడని నాకు తెలిసిపోయింది.

ఎర్రరాళ్ళు దూరంగా కనబడ్డాయి.

“పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది. పదమూడు ఏడులు... పదమూడు ఏడులు...”

ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పిన మనిషి.

“తొంభై ఒకటండి” అన్నాడు మా ఆయన. అని, బండి ఆపేశాడు.

“ఎందుకాపావు?”

“మీరు బయపడతన్నారండి.”

“పడితే పడతాను. నువ్వు తాగలేదని నాకు తెలుసు. నువ్విక తాగవనీ తెలుసు. అవన్నీ తలకి తెలుసురా, ఒంటికి చెప్పడం నాకు రావడం లేదు. సరే అన్నాను కదా, నడుపు.”

“ఎన్ని సంవచ్చరాలు బండెక్కితే ఇది పోద్దండీ?”

“నాకేం తెలుసు?” ఆవిడ ఇంకా కమ్మీ వదలలేదు. “పోకపోయినా ఆదివారం వస్తానులే. కానీ అబ్బులూ, నువ్వు బండి మీద ఉన్న రోజు మీ ఇంట్లో అన్నం తినగలనో లేదో చెప్పలేను. అబద్ధం చెప్పడం ఎందుకు?”

ఆయన స్టీరింగు వదిలి వెనక్కి తిరిగాడు. “మాణిక్యం, ఇలా రావే.”

“నేనా? నాకు ఎదురుగా ఉన్నది రాయో నీడో తెలీటం లేదయ్యా.”

“మేవు సెబుతాం.”

ఇరుకు బండిలో ముగ్గురం ఒకరినొకరు తొక్కుకుంటూ సీట్లు మారాం. మలుపు దాకా పోలేదు, అక్కణ్ణుంచే వెనక్కి తిప్పాను. నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోయేటంత నిదానంగా పోనిచ్చాను. ఒక పక్కనుంచి ఆయన, ఒక పక్కనుంచి ఆవిడ. “ఎడం పక్కకి తిప్పు.” “ఎడమ కాదురా, కుడి, దానికి కుడి.” “రాయండీ అది.” “నీడ, నీడ, పోనివ్వమ్మా.” ఇంటికొచ్చేసరికి మేస్టారమ్మగారి గొంతు బొంగురుపోయింది. ఎక్కాలు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు.

శనివారం. గాలి లేచింది. బండి బయటికి తియ్యలేదు.

సగం దారిలోనే తిరిగొచ్చినా, ఆవిడ ఎక్కి కూర్చోవడమే లెక్కన్నారు బెంచి దగ్గర నూకరాజు గారు. ముందు ఆవిణ్ణి అడిగారు. “సరే” అన్నారావిడ, గట్టిగా. తర్వాత మా ఆయన్ని అడిగారు.

“నాకొద్దండి” అన్నాడు.

తప్పు చేసినవాడే వద్దంటే మళ్ళీ వాయిదాలుండవనీ, అదే ఆఖరనీ నూకరాజు గారు వివరంగా చెప్పారు. “తెలుసండి. నాకొద్దు” అన్నాడు మళ్ళీ. మేస్టారమ్మగారు కర్ర నేలకేసి కొట్టారు. “మొద్దు వెధవా” అన్నారు. కర్ర మళ్ళీ ఎత్తి, కొట్టకుండానే దించారు.

నేను ఇంటిదాకా ఆగాను. ఇంటికొచ్చాక ఆగలేదు.

“నన్నొక్క మాట అడిగావా? ఇల్లు నీదొక్కడిదేనా? ఆవిడ కాళ్ళావేళ్ళా పడి నేను సరే అనిపిత్తే, నువ్వు పెద్ద ధర్మరాజులా ఒద్దంటావా?”

“అడిగితే నువ్వు ఒద్దంటావని అడగలేదే.”

“అంటాను! ఎందుకననూ?”

ఆయన నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. “ఆవిడ సరే అన్నాది నోటితోనే. మన మీద పేమతో అన్నాది. అలా ఒణుకుతా ఇచ్చింది తీసుకుని నేనేం చేసుకుంటానే? మేస్టార్ని ఎలాగూ తీసుకున్నాను. ఇంక ఆదివారం కూడా తీసుకోమంటావా?”

నేను ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను, కంట్రోలు వాళ్ళు ఇంకోలా అనుకోవద్దు. ఇది న్యాయం కాదనే నేనిప్పటికీ అంటాను. మూడుసార్లు తాగిన కుర్రాడికి వేసిన శిక్ష ఈ తలనెరిసిన మనిషి మోయడం న్యాయం కాదు. మాస్టారి భార్య ఈయన స్టీరింగు పట్టినప్పుడల్లా ఎక్కాలు చదువుకోవడం అంతకంటే న్యాయం కాదు. ఈ రెండూ ఒకేసారి తీరే దారి నాకైతే కనబడలేదు. తాతలకి కూడా కనబడి ఉండదు. అందుకే అన్నం పెట్టమని మాత్రం చెప్పి ఊరుకున్నారు.

రాత్రి ఆయనకి అన్నం వడ్డించాను గానీ మాట్లాడలేదు. కారం కావాలా అని ఆయన అడిగితే అక్కర్లేదన్నాను. అది మాట్లాడినట్టు కాదు.

బుధవారం. మొదటి దుమ్ముగాలి రేపో ఎల్లుండో. ఇది ఊళ్ళో గది నుంచి రాస్తున్నది.

ఆరో మజిలీ తులసికి అప్పజెప్పాం. కొత్తగా పెళ్ళయిన పిల్ల, లైసెన్సు గట్టిది, మొగుడు దుంపలు పండిస్తాడు. మా ఆయన వాళ్ళకి ప్రతి పలకా తట్టి చూపించాడు, ఏది చలికి కీచుమంటుందో, ఏది ఊరికే బెదిరిస్తుందో. గోంగూర ట్రేలు మాత్రం ఇవ్వనన్నాడు. సగం బండి గోంగూరే.

సామాన్లు సర్దడానికి మేస్టారమ్మగారు సొరంగంలో నడిచొచ్చి, ఒక్క సామాను కూడా సర్దకుండా కుర్చీలో కూర్చుని అందరికీ పనులు చెప్పారు. బయల్దేరేటప్పుడు లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. “పోనీ, బండిలోనే వస్తాను” అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరం ఏమీ అనలేదు, అంటే మానేస్తారని.

తులసి నడిపింది. వెనక సీట్లో మధ్యన ఆవిడ, చెరో పక్కన మేము, ఒళ్ళో ట్రేలు. మా ఆయన చేతులు ఆకుల మధ్య ఉన్నాయి గానీ ప్రాణమంతా ముందు అద్దం మీదే.

“ఎడం పక్కన గొయ్యుంటదమ్మా.”

“చూశానండీ.”

“ఆ తర్వాత నున్నటి రాయొకటి...”

“నువ్వు నోరు ముయ్యి” అన్నారు మేస్టారమ్మగారు. “ఆ పిల్ల నడుపుతోంది కదా.”

ఆయన నోరు మూసుకున్నాడు. నేను నవ్వాను. అన్ని రోజుల తర్వాత ఆయన వైపు చూసి నవ్వడం అదే. మా ఇల్లు వెనక దుమ్ములో ఎక్కడ ఆగిపోయిందో నా కళ్ళకి తెలియలేదు. ఆయన చూశాడు, చూసి నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయన మీద కోపం అప్పుడే పోయిందో, ఇంకా కొంచెం ఉందో, నాకే సరిగా తెలియదు గానీ మేస్టారమ్మగారి ముందు నుంచి చెయ్యి చాపి, ఆకుల మధ్య ఉన్న ఆయన చెయ్యి పట్టుకున్నాను.

కాసేపటికి ఆవిడ తల వాలింది. ముందు నా వైపు ఊగి, తర్వాత ఆయన భుజం మీద ఆగింది. నోరు కొంచెం తెరుచుకుని సన్నగా గురక మొదలైంది. చేతులు రెండూ ఒళ్ళో వదులుగా పడి ఉన్నాయి. ఊరు వచ్చేదాకా ఆయన కదల్లేదు, దగ్గు వస్తే కూడా ఆపుకున్నాడు.

బండి ఆగింది. మేమెవరం దిగకపోయేసరికి తులసి వెనక్కి తిరిగి, “వచ్చేశామండీ, ఏమైంది?” అంది.

“గట్టిగా మాటాడకమ్మా” అన్నాడాయన. “మేస్టారమ్మగారు పడుకున్నారు.”